వలిసె పూలలో పిన్ని ఫొటో: అరకు షూట్‌కి నేను చేసుకునే ఏర్పాట్లు

మా పిన్నికి అరవయ్యో ఏడు వస్తోందని, ఒక మంచి ఫొటో తీసి పెద్ద ఫ్రేము కట్టించి ఇద్దామనుకున్నాను. పాతవి ఏమున్నాయా అని ఇంట్లో బీరువాలన్నీ వెతికితే ఆవిడ ఒక్కతే ఉన్నవి మూడు దొరికాయి. ఒకటి ఆధార్ కార్డు మీదది, ఒకటి బ్యాంకు పాసుబుక్కు మీదది, మూడోది నా పెళ్లిలో ఎవరో తీసింది. అందులో ఆవిడ చేతిలో గంధం గిన్నె ఉంది, చూపు పక్కనెవరి మీదో ఉంది. విజయనగరంలో పదకొండేళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. ఊళ్లో ఎన్ని సీమంతాలు, ఎన్ని ఓణీల ఫంక్షన్లు, పెళ్లికి ముందు ఎన్ని షూట్లు తీశానో లెక్క లేదు. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషికి మాత్రం ఒక్క ఫొటో తీయలేదు. అందుకని 2023 నవంబరులో ఆవిడని అరకు తీసుకెళ్లి వలిసె పూల దగ్గర తీశాను.

ఆ ఒక్క ఉదయం కోసం నెల ముందు నుంచి ఏమేం చూసుకున్నానో ఇక్కడ చెబుతాను. మీ చేతిలో పెద్ద కెమెరా ఉన్నా, ఫోనే ఉన్నా, తీయించుకునేది పెళ్లికూతురైనా, అమ్మమ్మైనా పనికొచ్చే సంగతులే ఇవన్నీ.

తేదీ పువ్వు పెట్టాలి

వలిసె నూనెగింజ పంట. కొండ మీది గిరిజన రైతులు వానాకాలం చివర్లో, ఆగస్టు సెప్టెంబరుల్లో విత్తుతారు. నెలన్నర రెండు నెలలకి పూత మొదలవుతుంది. అరకు, డుంబ్రిగూడ, పాడేరు వైపు అక్టోబరు చివర నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా పొలాలు పసుపుపచ్చగా మెరుస్తాయి. అయితే అన్ని పొలాలూ ఒకేసారి పూయవు. ముందు విత్తిన మడిలో రేకులు రాలిపోతుంటే, పక్క వాలులో అప్పుడే మొగ్గ విచ్చుకుంటూ ఉంటుంది.

ఇది నాకు తెలిసొచ్చింది 2019లో. ఒక జంటకి డిసెంబరు 20 మంచి రోజని వాళ్లింట్లో చెప్పారు, నేనూ సరేనన్నాను. రాత్రంతా ప్రయాణం చేసి వెళ్తే పొలాల్లో పూలన్నీ నల్లబడి గింజ కట్టేశాయి. ఒక మడిలో అప్పుడే కోత కూడా మొదలైంది. ఆ అమ్మాయి కారు దిగి నిలబడిపోయిన తీరు నాకు ఇంకా గుర్తే. తప్పు నాది. వెళ్లే ముందు ఒక్క ఫోను చేసి అడగాల్సింది.

అప్పటినుంచి అడక్కుండా బయల్దేరను. మనకి అక్కడ తెలిసినవాళ్లు లేకపోతే లాడ్జి కుర్రాణ్ణో, టీ కొట్టు అతన్నో, జీపు డ్రైవర్నో అడిగితే చాలు. "పూలున్నాయా?" అని అడక్కండి, "ఉన్నాయి రండి" అనే అంటారు. "మీ రోడ్డు పక్క పొలం ఫొటో ఒకటి ఇప్పుడు తీసి పంపుతారా?" అని అడగండి. ఆ ఫొటోలో మొగ్గలూ పూలూ సగం సగం ఉంటే ఇంకో వారానికి వెళ్లాలి. పూలే ఎక్కువగా ఉండి, పై కొసల్లో ఇంకా మొగ్గలు కనిపిస్తుంటే రెండు మూడు రోజుల్లో బయల్దేరాలి. నడిమి బొడ్డు ముదిరి గోధుమరంగు తిరిగితే ఆ పొలం మనది కాదు, వేరేది వెతుక్కోవాలి.

వారంలో రోజు కూడా ముఖ్యమే. నవంబరంటే కార్తీకమాసం, వనభోజనాల కాలం. ఆదివారం అరకులో రోడ్డు మీద కారు నడవదు, పొలాల దగ్గర సెల్ఫీల వాళ్లు కిక్కిరిసి ఉంటారు, లాడ్జి గది దొరికినా ధర మండిపోతుంది. నేను మంగళ, బుధవారాలు పెట్టుకుంటాను. పిన్నిని తీసింది నవంబరు 22, బుధవారం. అదే నెలలో బంగాళాఖాతంలో అల్పపీడనాలూ ఎక్కువ, అందుకని ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకుని గది రెండు రాత్రులకి తీసుకున్నాను.

ముందురోజే చేరాలి

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, శృంగవరపుకోట దాటాక ఘాట్. కిరండూల్ రైలు చాలా బాగుంటుంది, సొరంగాలూ లోయలూ చూసుకుంటూ వెళ్లొచ్చు. కాకపోతే పొద్దున్నే బయల్దేరే ఆ రైలు అరకు చేరేసరికి పదకొండవుతుంది. ఫొటోలకి పనికొచ్చే వెలుతురు అప్పటికి ఎప్పుడో అయిపోతుంది. రైల్లోనే వెళ్లండి, తీయడం మర్నాడు పెట్టుకోండి.

ముందురోజు చేరితే మధ్యాహ్నం మూడింటికి పొలాలు చూడటానికి వెళ్లొచ్చు. నేను చూసేవి ఇవీ: పొలానికి తూర్పు ఎటు, ఆ తూర్పున కొండ ఎంత దగ్గరగా ఉంది, గట్టు ఎంత వెడల్పుంది, వెనకాల కరెంటు స్తంభాలూ సిమెంటు గోడలూ ఏమైనా ఉన్నాయా. తూర్పు కొండ సంగతి చాలామందికి తట్టదు. నవంబరు చివర్లో సూర్యోదయం ఆరూ పదికి అని ఫోను చెబుతుంది, కాని కొండ పొలానికి ఆనుకుని ఉంటే ఎండ ఆ మడిలోకి దిగేసరికి ఏడు దాటుతుంది. సాయంత్రం కూడా అంతే. అయిదూ ఇరవైకి సూర్యాస్తమయం అని రాసి ఉంటుంది, పడమటి కొండ వెనక్కి సూర్యుడు నాలుగున్నరకే జారిపోతాడు. అందుకే ఫోనులో దిక్సూచి తెరిచి చూసుకుని, సూర్యుడు ఎక్కడ పైకి వస్తాడో ఆ కొండ అంచుని గుర్తుపెట్టుకుంటాను.

పిన్నికి ఘాట్ ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ముందు సీట్లో కూచోబెట్టి, నిమ్మకాయ చేతికిచ్చి, అనంతగిరి దగ్గర అరగంట ఆపి కాఫీ ఇప్పించి, నెమ్మదిగా తీసుకెళ్లాను. ఇది ఫొటోగ్రఫీ సంగతి కాదనుకోకండి. రాత్రి నిద్రపట్టని మనిషి కళ్ల కింద ఆ అలసట మర్నాడు కనబడుతుంది, ఏ లెన్సూ దాన్ని దాచదు.

పొలం రైతుది

రోడ్డు పక్క మడుల దగ్గర చాలాచోట్ల రైతులే తడక కట్టి, మనిషికింత అని తీసుకుని లోపలికి పంపుతారు. అది ఇవ్వడానికి బేరమాడేవాళ్లని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మనం తొక్కిన ప్రతి మొక్కా గింజ పోయినట్టే. ఆ గింజ నుంచి వచ్చే వలిసె నూనెతోనే వాళ్లింట్లో కూర వండుతారు, మిగిలింది అమ్ముకుంటారు.

నేను రోడ్డుకి కాస్త లోపలగా, రద్దీ లేని పొలం చూసుకుంటాను. ఇంటికెళ్లి అడుగుతాను. పిన్నిని తీసిన పొలం రైతుతో ముందురోజే మాట్లాడాను. "అన్నా, రేపు పొద్దున్న రెండు గంటలు మేం ఇద్దరమే వస్తాం. గట్టు మీదే ఉంటాం, మడిలోకి దిగం" అని చెప్పి అయిదొందలు ఇచ్చాను. ఆయన భార్య వెంటనే ఒక మాట అంది: "కింది మడి గట్టు మెత్తగా ఉంది, పెద్దావిడ జారుతుంది, పై గట్టు మీద నిలబెట్టమ్మా." ఆ మాట ఆ పొలం తెలిసినవాళ్లే చెప్పగలరు.

"గట్టు మీదే ఉంటే పూల మధ్య ఉన్నట్టు ఎలా వస్తుంది?" అని నా దగ్గర నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. దీని కిటుకు అరకు పొలాల్లోనే ఉంది. అక్కడ మడులు మెట్లుమెట్లుగా ఉంటాయి. మనిషి పై మడి గట్టు మీద నిలబడాలి. కెమెరా పట్టుకున్నవాళ్లు కింది మడి అవతలి గట్టు మీద, మోకాళ్ల మీద కూచోవాలి. అప్పుడు కెమెరాకీ మనిషికీ మధ్య కింది మడి పూలన్నీ వస్తాయి, మనిషి వెనక పై మడి పూలు లేస్తాయి. వలిసె మొక్క నడుము ఎత్తు, ఒక్కోచోట రొమ్ము ఎత్తు పెరుగుతుంది కాబట్టి గట్టు అసలు కనబడదు. దీనికి 85 ఎం.ఎం. లెన్సు బాగుంటుంది, 135 ఇంకా బాగుంటుంది. పొడవు లెన్సు దూరంగా ఉన్న వరసల్ని దగ్గరికి లాగి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు చూపిస్తుంది. పల్చటి పూత ఉన్న మడి కూడా అందులో చిక్కగా కనిపిస్తుంది. లెన్సు ముందు ఒక జానెడు దూరంలో రెండు మూడు పూలు అడ్డం వచ్చేలా కూచుంటే అవి కరిగిపోయి పచ్చటి పొగలా కింద పరుచుకుంటాయి. ఒక్క మొక్కని కూడా విరవక్కర్లేదు.

ఒక సంగతి మనసులో ఉంది, చెప్పేస్తాను. అక్కడ గిరిజన ఆడవాళ్ల కట్టులో చీర కట్టి, తలలో ఈకలు పెట్టి ఫొటో తీసుకునే ఏర్పాట్లు కనిపిస్తాయి. నేను చేయించను. మా పిన్నికి ఆవిడ చీర ఉంది, ఆవిడ కట్టు ఉంది, ఫొటోలో ఆవిడే కనబడాలి. అలాగే పొలంలో పని చేసుకుంటున్న ఆడవాళ్ల వైపు అడక్కుండా లెన్సు తిప్పకండి.

చీర

దీని మీద మా ఇంట్లో మూడు రోజులు చర్చ నడిచింది. పిన్నికి ఇష్టమైనది చిలకాకుపచ్చ పట్టుచీర, పసుపు అంచు. వలిసె పొలం ఏ రంగులో ఉంటుందో సరిగ్గా ఆ రంగులే. అది కట్టుకుని నిలబడితే మెడ నుంచి పాదాల దాకా మనిషి పొలంలో కలిసిపోయి తల ఒక్కటే తేలుతుంది.

పచ్చటి పూలకి ఎదురు నిలిచే రంగులు వంకాయరంగు, నేరేడు, ముదురు నీలం, నెమలికంఠం. మెత్తగా కలిసే రంగులు గోధుమ తెలుపు, లేత బూడిద. ఎరుపు పెట్టొచ్చు కాని ముఖం కంటే ముందు చీరే కనబడుతుంది, పెద్దవాళ్లకి నేను వద్దంటాను. నారింజ, నిమ్మపండు, లేత ఆకుపచ్చ అస్సలు వద్దు. నేత చీరైతే మరీ మంచిది. జరీ ఎక్కువున్న పట్టు ఎదురెండలో అద్దంలా మెరిసి తెల్ల మచ్చలు పడతాయి. నూలు వెలుతురుని పీల్చుకుంటుంది, మడతలు మెత్తగా పడతాయి. మా వైపు పొందూరు ఖద్దరు ఉందిగా, ఆ గోధుమ తెలుపు ఉదయపు మంచులో ఎంత బాగుంటుందో చూసినవాళ్లకి తెలుసు.

కలుస్తుందో లేదో ఇంట్లోనే చూసుకునే దారి ఒకటుంది. బజారు నుంచి పసుపు బంతిపూలు పావుకిలో తెచ్చి డాబా మీద చీర పరిచి దాని మీద పోయండి. ఫోనుతో ఒక ఫొటో తీసి దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. పూలూ చీరా రెండూ ఒకే బూడిదరంగులో కనిపిస్తే ఆ చీర పక్కన పెట్టేయండి. ఒకటి ముదురుగా ఒకటి లేతగా విడిగా కనిపిస్తే అదే మన చీర. పిన్ని ఆకుపచ్చ పట్టునీ, నేను ఎంచిన వంకాయరంగు మంగళగిరి నూలునీ అలా పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఓలమ్మ, నా పట్టుచీర ఏటయిపోనాది ఇందులో?" అంది. అక్కడితో చర్చ అయిపోయింది.

తలలో పసుపు పూలు వద్దు, కనకాంబరాలు పెట్టాను. సెంటు కొట్టుకోవద్దని గట్టిగా చెప్పాను, ఎందుకంటే వలిసె పొలం నిండా తేనెటీగలుంటాయి. పువ్వు మీద ఈగ వాలితేనే ఆ పంటకి గింజ కడుతుంది, వాటి పని వాటిది. ఘాటు వాసనలు లేకుండా, చేతులు విసరకుండా నిదానంగా ఉంటే మన జోలికి రావు. కుట్టితే ఒళ్లు దద్దుర్లు తేలి ఊపిరాడని మనిషైతే మాత్రం పొలం దాకా తీసుకెళ్లొద్దు.

చలి బాగా ఉంటుంది. స్వెట్టరూ శాలువా తీసేది ఫొటో తీసే రెండు నిమిషాలే. వణుకుతున్న మనిషి భుజాలు చెవుల దాకా లేచిపోతాయి, మెడ కనబడదు. ఫ్లాస్కులో వేడి టీ తీసుకెళ్లండి. పొలం దగ్గర బాత్రూము ఉండదు, చీర మార్చుకునే చోటు ఉండదు, కాబట్టి గదిలోనే తయారై వెళ్లాలి, రెండో చీర పెట్టుకోవాలంటే మళ్లీ గదికి వచ్చేంత దగ్గర్లో పొలం చూసుకోవాలి. ఆడవాళ్లని తీసేవాళ్లు ఈ సంగతి ముందే మాట్లాడాలి. మొహమాటానికి వాళ్లు అడగరు, గంట తర్వాత ముఖంలో తెలిసిపోతుంది.

వెలుతురూ, పచ్చరంగు చేసే పనీ

మేం ఆరింటికి పొలం దగ్గరున్నాం. చుట్టూ మంచు. పది అడుగుల దూరంలో ఉన్న పూలు తప్ప ఏమీ కనబడలేదు. మంచు చూసి కంగారుపడక్కర్లేదు. అది ఆకాశమంత తెల్లటి తెర, నీడల్ని మెత్తగా చేస్తుంది, ముడతల్ని గట్టిగా చూపించదు. మంచు పల్చబడుతూ ఎండ దిగే ఇరవై నిమిషాలే నాకు కావలసినవి. ఎనిమిదిన్నర దాటితే ఎండ నేరుగా పడి కళ్ల కింద, ముక్కు కింద నల్ల నీడలు పడతాయి, అప్పుడు కెమెరా సంచిలో పెట్టేయడం నయం.

ఎండ వచ్చాక మనిషిని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టకండి. కళ్లు చికిలిస్తారు. సూర్యుడు ఒక భుజం వెనక ఉండాలి. అప్పుడు జుట్టు అంచున వెలుగు గీత పడుతుంది, పూరేకులు వెనక నుంచి వెలిగి దీపాల్లా కనిపిస్తాయి. ముఖం నీడలో ఉంటుంది కాబట్టి వెలుతురు కొలత ముఖం మీద తీసుకోవాలి.

ఇక్కడే పచ్చపూల పొలం పెద్ద చిక్కు తెస్తుంది. నడుము ఎత్తున ఉన్న పూల మీద పడిన వెలుతురు తిరిగి గడ్డం కిందికి కొడుతుంది. మెడ, గడ్డం, కళ్ల కింద పసుపు పూసినట్టవుతుంది. చాలామంది తీసినవి చూస్తుంటాను, మనిషికి కామెర్లు వచ్చినట్టుంటుంది. పైగా కెమెరాని, రంగుల తూకం అదే చూసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్‌లో వదిలేస్తే ఫ్రేమంతా పసుపే కనబడి, దాన్ని తగ్గించాలని నీలం కలుపుతుంది, పూలు వెలవెలబోతాయి, చర్మం బూడిదరంగు తిరుగుతుంది. ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ రంగు కలవదు.

నేను చేసేది చెబుతాను. వైట్ బ్యాలెన్స్ చేత్తో పెడతాను, ఎండలో 5,500 కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే అంకె) దగ్గర, మంచులో 6,000 దాటించి. ఒక తెల్ల పంచె తీసుకెళ్తాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫ్రేములో పడకుండా మనిషి నడుము ముందు పూల మీద తేలికగా పరుస్తాను. అది కింద నుంచి వచ్చే పసుపుని ఆపుతుంది, తెల్ల వెలుతురుని ముఖానికి పంపుతుంది. పక్కన మనిషి ఉంటే థర్మోకోల్ షీటు పట్టుకోమనొచ్చు. వెలుతురుని తిప్పికొట్టే బంగారు రంగు రిఫ్లెక్టరు మాత్రం ఇంట్లో వదిలి రండి, ఉన్న పసుపు చాలదా!

పసుపు రంగు ఇంకో తిప్పలు పెడుతుంది. రేకులు వెలుతురు ఎక్కువై ఒకే ముద్దగా, గీతలు లేకుండా వచ్చేస్తాయి. వెలుతురు మూడో వంతు స్టాపు (వెలుతురుని కొలిచే మెట్టు) తగ్గించి తీయండి. నా లెక్కలు ఆ ఉదయం ఇవి: 85 ఎం.ఎం. లెన్సు, లెన్సు తెరుపు ఎఫ్ 2.2, షట్టరు సెకనులో 320వ వంతు, వెలుతురుకి కెమెరా స్పందించే కొలత ఐ.ఎస్.ఓ. 400. ఇద్దరిని తీస్తే ఎఫ్ 4 పెట్టాలి, లేకపోతే ఒకరి కళ్లు మసకబారతాయి.

రాత్రంతా చలికి చల్లబడిన కెమెరాని వెచ్చటి గదిలోకి తెచ్చి వెంటనే సంచి తెరిస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. సంచి మూసి ఉంచి అరగంట ఆగండి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, ఇంకొకటి జేబులో, ఒంటికి వెచ్చగా పెట్టుకోండి.

ఫోనుతో తీసేవాళ్లకి: అద్దం మెత్తటి గుడ్డతో తుడవండి. వైడ్ లెన్సుతో దగ్గరికి వెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. రెండింతలు లేదా మూడింతల లెన్సు పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. ముఖం మీద వేలు నొక్కి పట్టి ఉంచితే ఫోకస్ అక్కడే ఆగుతుంది, అప్పుడు వేలుని కొంచెం కిందికి జరిపి వెలుతురు తగ్గించండి. పోర్ట్రెయిట్ మోడ్ ఈ పూలలో తడబడుతుంది, జుట్టు పోగుల దగ్గర పూలని సగం కోసేస్తుంది. అదే ఫొటో మామూలు మోడ్‌లో కూడా ఒకటి తీసి ఉంచండి.

నిలబెట్టడం, మాట్లాడటం

ముందు దూరం నుంచి తీసేవి, తర్వాత నడుము దాకా, చివర ముఖం. ఈ వరస ఎందుకంటే మంచు పడిన గట్టు మీద పావుగంట నడిస్తే చీర కుచ్చిళ్లు పిక్కల దాకా తడిసి నల్లబడతాయి. నిలువెత్తు ఫొటోలు చీర పొడిగా ఉండగానే అయిపోవాలి. ఇంకో లాభమూ ఉంది. దూరపు ఫొటోలో ముఖం చిన్నది, కెమెరా ముందు బిగుసుకుపోయినా తెలియదు. ఈలోగా మనిషి అలవాటు పడతారు.

పిన్ని మొదటి అరగంట రేషన్ కార్డు ఫొటోకి నిలబడ్డట్టే నిలబడింది. చేతులు రెండూ పక్కలకి అంటుకుపోయాయి, ఊపిరి బిగబట్టింది. "నవ్వు పిన్నీ" అనలేదు. అలా అంటే ఎవరికీ నవ్వు రాదు, పళ్లు కనబడతాయంతే. చేతులకి పని ఇవ్వాలి. కొంగు చివర పట్టుకోమన్నాను, తర్వాత ముందున్న పువ్వుని తుంచకుండా వేళ్లతో పట్టుకుని చూడమన్నాను.

వంగి చూసింది. వలిసె పువ్వు రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దది. ఎనిమిది రేకులు, ఒక్కో రేకు కొసన మూడు చిన్న నొక్కులు, చంటిపిల్లాడి పళ్లలా. నడుమ ముదురు పసుపు బొడ్డు, దాని మీద ఇంకా ఆరని మంచుబొట్లు. పిన్ని చూపుడువేలితో ఒక బొట్టుని నెమ్మదిగా ఇంకో రేకు మీదికి జరిపింది. "ఇది పొద్దుతిరుగుడు పిల్లలాగుందే" అంది, నా వైపు తలెత్తి. ఆ తలెత్తడంలో కళ్లజోడు ముక్కు మీదికి కొంచెం జారింది, కనకాంబరాల పక్కన నెరిసిన పోగొకటి ఎండకి వెలిగింది. అప్పుడు తీశాను. ఆ ఉదయం రెండొందల ఫొటోలు తీశాను, గోడ మీద ఉన్నది అదొక్కటే.

కళ్లజోడు తీసేయమని అడగకండి. ఇరవై ఏళ్లుగా పెట్టుకున్న మనిషికి అది లేకపోతే ముఖం వేరే అయిపోతుంది. అద్దాల్లో ఆకాశం మెరుస్తుంటే గడ్డం ఒక వేలెడు దించమనండి, లేదా చెవుల దగ్గర కాడలు కాస్త పైకెత్తితే అద్దం కిందికి వాలి మెరుపు పోతుంది.

ఫొటోల్లో ముఖం చుట్టూ పూలు ఎంత ఉండాలో కూడా అప్పటికప్పుడు చూసుకోవాలి. వెనకాల పూల గీత సరిగ్గా మెడ దగ్గర పడితే మెడ కోసినట్టుంటుంది. మీరు అరడుగు లేచి గాని దిగి గాని ఆ గీతని భుజాల కిందికో తల పైకో పంపండి.

వేరే పూలైతే

అరకు దాకా వెళ్లలేని వాళ్లకి దారులు లేకపోలేదు. హైదరాబాద్ చుట్టుపక్కల దసరా ముందు బంతి, చామంతి తోటలు దొరుకుతాయి. బంతి మీద మందు కొడతారు, చివరిసారి ఎప్పుడు కొట్టారో రైతుని అడిగాకే మనిషిని తోటలోకి దింపండి, చిన్నపిల్లలుంటే మరీను. పూలు కోసేది తెల్లవారుజామునే కాబట్టి కోతకి ముందురోజు వెళ్లాలి. బతుకమ్మ రోజుల్లో తెలంగాణలో బీడు నేలల మీద తెల్లటి గునుగు, తంగేడు ఎవరూ నాటకుండానే పూస్తాయి. గునుగు తెలుపులో ఏ రంగు చీరైనా నిలుస్తుంది, పసుపు చిక్కూ ఉండదు.

పొద్దుతిరుగుడు గురించి ఒక్కటి గుర్తుంచుకోండి. లేత మొగ్గే సూర్యుడి వెంట తిరుగుతుంది, బాగా విచ్చుకున్న పువ్వు తూర్పు వైపే ఆగిపోతుంది. పూల ముఖాలు కనబడాలంటే కెమెరా పొలానికి తూర్పున ఉండాలి. అక్కణ్ణుంచి పడమటికి చూస్తూ సాయంత్రం తీస్తే మనిషి వెనక సూర్యుడు, పూలన్నీ మనవైపు తిరిగి ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక పడమటి గట్టెక్కి పూల వీపులు తీసుకుని వచ్చేవాళ్లు చాలామంది.

గోదావరి జిల్లాల వాళ్లకి కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. అక్కడ కుండీల వరసలు కాబట్టి గట్ల బాధ లేదు, కాని లోపలికి కెమెరా తీసుకెళ్లడానికి యజమానిని ముందే అడగాలి, వ్యాపారం జరుగుతున్న వేళ అడ్డం పడకూడదు.

తిరిగొచ్చాక

రంగులు సరిచేసేటప్పుడు మొదట ముఖం చూడండి, పూలు తర్వాత. పసుపు ఇంకా మెరిపిస్తే బాగుంటుందనిపిస్తుంది, అది పెంచితే చర్మంలో కూడా పెరుగుతుంది. నేను పసుపుని ఒక్కదాన్నే విడిగా పట్టుకుని కొద్దిగా తగ్గిస్తాను, ఆకుపచ్చని ఇంకొంచెం తగ్గిస్తాను. పిన్ని ముడతలు ఒక్కటి కూడా చెరపలేదు. ఆవిడ ముందే చెప్పింది, "నున్నగా చేసీకు, నేను కాదన్నట్టుంటాది" అని.

ఆ రోజు పని అయిపోయాక రైతునీ ఆయన భార్యనీ వాళ్ల పొలం గట్టు మీదే నిలబెట్టి నాలుగు ఫొటోలు తీశాను. ఆవిడ ముందు సిగ్గుపడి తలుపు వెనక్కి వెళ్లి, పిన్ని చెయ్యి పట్టుకుని పిలిస్తే వచ్చింది. పన్నెండు బై ఎనిమిది సైజులో అచ్చు వేయించి, లామినేషన్ చేయించి, జనవరిలో అటు వెళ్లే జీపు డ్రైవరుతో పంపాను. మరుసటి ఏడు అక్టోబరు చివర్లో ఒక పొద్దున్న నా ఫోనుకి ఫొటో ఒకటి వచ్చింది. కింది మడిలో సగం మొగ్గలు, సగం పూలు. దాని వెంటనే ఆయన ఫోను చేసి, "ఇంకో వారం ఆగి రండమ్మా, పెద్దావిడని కూడా తీసుకురండి" అన్నాడు.